ఒక్క సెంటుకే ఊరి తూకం చెడిపోద్దా?

మా బడిలో పిల్లలకు అన్నం వండే అక్క ఒకామె ఉంది. మంగళగిరిలో అద్దె ఇల్లు. 2023 మే 26న వెంకటపాలెం సభకు బస్సెక్కి పోయి ఇంటిపట్టా తెచ్చుకుంది. నిడమర్రు వైపు ఒక సెంటు. ఆ కాగితానికి ప్లాస్టిక్ అట్ట వేయించి బాబాసాహెబ్ పటం వెనక దాచిపెట్టింది. మొన్న బియ్యంలో రాళ్లేరుతూ నన్నడిగింది: "మాస్టారూ, ఆ కాయితం ఇంకా చెల్లుద్దా? పారెయ్యనా?"

వెంటనే జవాబు చెప్పలేకపోయాను. చదువుకున్నోడినని నన్నడిగింది. చదువుకున్నోడు నోరెళ్లబెడితే ఎలా? ఆ రాత్రి కూర్చుని నాకు తెలిసిందంతా ఒక వరసలో పెట్టుకున్నాను. అదే ఇది.

అమరావతి మాస్టర్ ప్లాన్ సింగపూర్ వాళ్లు గీశారు. రంగురంగుల పటం. ఊళ్లు ఉన్నచోట ఆర్-1 అన్నారు. పలచగా ఇళ్లుండేది ఆర్-2, కాస్త ఒత్తుగా ఉండేది ఆర్-3, బాగా ఒత్తుగా ఉండేది ఆర్-4. పేదోళ్ల ఇళ్లకంటూ అందులో విడిగా ఒక రంగు లేదు. 2022లో చట్టం సవరించి, 2023 మార్చిలో గెజిట్ వేసి, ఆర్-5 అని కొత్త జోను పుట్టించారు. మందడం, ఐనవోలు, కృష్ణాయపాలెం, నిడమర్రు, కురగల్లు ఊళ్ల పొలాల్లో 900 ఎకరాలు. ఇంకొంత కలిపి మొత్తం 1,400 ఎకరాల చిల్లర, 25 లేఅవుట్లు. గుంటూరు, ఎన్టీఆర్ జిల్లాల్లో ఇల్లు లేని ఆడవాళ్లు 50,793 మందికి తలా ఒక సెంటు.

లెక్కల మాస్టార్ని కాబట్టి లెక్క చెప్పకుండా ఉండలేను. సెంటంటే 48 గజాల చిల్లర. ఇంటికి నలుగురనుకున్నా రెండు లక్షల మంది. రాజధాని ఊళ్లన్నీ కలిపితే అప్పటికున్న జనం లక్ష అటుఇటు. అంటే ఉన్నవాళ్ల కంటే వచ్చేవాళ్లు రెండింతలు. ఊళ్లోవాళ్లు ఉలిక్కిపడ్డారంటే అందులో వింతేం లేదు. ఎవరి పక్కన ఇంతమంది వచ్చి పడతామన్నా ఉలిక్కిపడతారు.

ఊళ్లు అభ్యంతరం చెప్పాయి. గ్రామసభల్లో చెప్పాయి, కాగితాల మీద రాసిచ్చాయి, కోర్టుకు పోయాయి. 2023 మేలో హైకోర్టు ఆపలేదు. సుప్రీంకోర్టు కూడా పంచుకోండి, కానీ చివరి తీర్పుకు లోబడి అంది. జూలై 24న కృష్ణాయపాలెంలో 47 వేల ఇళ్లకు శంకుస్థాపన చేశారు. పది రోజులు తిరక్కముందే, ఆగస్టు 3న, ముగ్గురు జడ్జీల ధర్మాసనం కట్టడం ఆపమంది. 2024 జూన్‌లో ప్రభుత్వం మారింది. ఇళ్లు లేవలేదు. మీ మీ ఊళ్ల దగ్గరే ఇంకోచోట ఇస్తామన్న మాట వచ్చింది. మా అక్క చేతిలో కాగితం మాత్రం అలాగే ఉంది.

ఇప్పుడు ఊళ్లోవాళ్ల అభ్యంతరం దగ్గరికొద్దాం. అందులో రెండు పొరలున్నాయి. పై పొర న్యాయమైందే. "33 వేల ఎకరాలకు పైగా భూమి ఇచ్చాం. ఇలాంటి పటం చూపించి, ఇలాంటి రాజధాని కడతామని రాసిచ్చి తీసుకున్నారు. రాజధానిని ఆపేసి, పటం మార్చి, మా ప్లాట్లకు ధర లేకుండా చేస్తే ఊరుకోవాలా?" అని రైతులడిగారు. అడగాల్సిన మాటే. 2019 డిసెంబరులో మూడు రాజధానులనే ప్రకటన వచ్చిన రోజు నుంచి నాలుగున్నరేళ్లు రోడ్డు మీద కూర్చున్నారు. ఆడవాళ్లు లాఠీదెబ్బలు తిన్నారు. ఇచ్చిన మాట తప్పితే ఎవరికైనా కడుపు మండుతుంది. వాళ్లలో చిన్నరైతులున్నారు, దళిత రైతులున్నారు. అందరూ భూస్వాములేనని ఎవరైనా మన పత్రికలో రాస్తే నేనొప్పుకోను.

కింది పొర వేరు. "జనాభా సమతుల్యత" అని ఒక మాట బయటికొచ్చింది. పేదలొస్తే అది దెబ్బతింటుందని కోర్టులో అన్నారంటూ అప్పటి ముఖ్యమంత్రి సభ సభలోనూ చెప్పారు. ఎవరన్నారు, ఏ అర్థంలో అన్నారు అనే తగాదా నేను తీర్చను. ఆ మాట కోర్టులో పలికినా పలక్కపోయినా టీకొట్టు దగ్గర పలకడం నా చెవులతో విన్నాను. "ఎక్కడెక్కడి అలగాజనాన్నో తెచ్చి మా పక్కన పడేస్తారా?" "ఇక ఊళ్లో ఆడపిల్లలు తిరగ్గలరా?" "ఓట్లన్నీ వాళ్లవే అయిపోతాయి." ఈ మూడో మాట అన్నవాడు మాత్రం ఉన్నదున్నట్టు చెప్పాడు, వాణ్ణి మెచ్చుకోవాలి.

అన్నలారా, అక్కలారా, ఈ సమతుల్యత ఎప్పుడుందో చెప్పండి. సింగపూరోళ్లు రాకముందే మన ప్రతి ఊరికీ ఒక మాస్టర్ ప్లాన్ ఉంది. అది గీసినోడికి కంప్యూటర్ అక్కర్లేదు. ఊరు ఒకపక్క, పల్లె ఇంకోపక్క. మధ్యలో డొంకో, కాలవో, రచ్చబండో. ఊరి మురుగు పల్లెలోకి రావచ్చు, పల్లెగాలి ఊరిమీదికి పోకూడదు. ఆ ప్లాన్‌లో జోనింగ్ మార్పుకు గ్రామసభ పెట్టలేదు, మన అభ్యంతరాలు పిలవలేదు, పదిహేను రోజులు గడువివ్వలేదు.

ఇక ఒత్తిడి సంగతి. ఆర్-1లో, అంటే పాత ఊళ్లలో, అన్నిటికంటే ఒత్తుగా ఉండేది ఏ పేట? పోయి చూడండి. పల్లెలో ఎప్పుడో తాతలనాడు ఇచ్చిన రెండుమూడు సెంట్లు. దాంట్లో తాత ఇల్లు, దానికానుకుని పెద్దకొడుకు రేకుల పంచ, వెనక చిన్నకొడుకు వంటగది, ఆపైన మనవడి పెళ్లికి మిద్దెమీద ఒక గది. ఒక గడపలో నాలుగు పొయ్యిలు. బాలింతకు వేరే గది లేదు, పరీక్షలకు చదువుకునే పిల్లోడికి వీధిలైటే దిక్కు. శవం లేస్తే పాడె తిప్పడానికి చోటుండదు, ఎత్తి నిలబెట్టి మలుపు తిప్పాలి. మా నాయన్ని అట్లానే తీసుకుపోయాం. దీన్ని ఏ ఆఫీసరూ 'అధిక సాంద్రత' అనలేదు. ఏ పెద్దమనిషీ "పల్లె ఇంత ఇరుగ్గా ఉంటే ఊరి అందం ఏంకాను?" అని కోర్టుకు పోలేదు. మనం ఇరుకులో ఉంటే అది లోకరీతి. మనం ఆ ఇరుకులోంచి లేచి ఇంకోచోటికి కదిలితే మాత్రం తూకం చెడిపోద్ది!

కదలడం ఎంత కష్టమో నాకు తెలుసు. ఉద్యోగం వచ్చిన కొత్తలో పట్నంలో అద్దె ఇంటికి తిరిగాను. మా ఇంట్లో డిగ్రీ చదివింది నేనే మొదలు. జేబులో ఆర్డరు కాగితం ఉంది, చొక్కా ఇస్త్రీ ఉంది. ఇంటాయన ఇంటిపేరడిగాడు, చెప్పాను. ఊరడిగాడు, చెప్పాను. "ఊళ్లో ఏ బజారండీ?" అన్నాడు. అదీ చెప్పాను. ఇల్లు వాళ్ల చుట్టాలకు ఇచ్చేశారంట, అప్పుడే గుర్తొచ్చింది. గేటుకు 'ఇల్లు అద్దెకు ఇవ్వబడును' బోర్డు నెల తర్వాత కూడా అట్లానే వేలాడింది. చివరికి పల్లె చివర ఒక గది దొరికింది. మీలో ఉద్యోగాలు చేసేవాళ్లందరికీ ఇలాంటిదొకటి ఉండే ఉంటుంది, నాది గొప్పేం కాదు.

అమెరికాలో కెంటకీ రాష్ట్రం లూయీవిల్ నగరంలో తెల్లోళ్లు ఎక్కువున్న వీధిలో నల్లోళ్లు కాపురం పెట్టకూడదని జోను చట్టమే చేశారు. 1917లో వాళ్ల సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. తర్వాత ఏం చేశారు? రంగు మాట ఎత్తకుండా స్థలం సైజు పెట్టారు. ఇంత జాగా కంటే తక్కువుంటే ఇక్కడ ఇల్లు కట్టకూడదు, ఒక స్థలంలో ఒక కుటుంబమే ఉండాలి అన్నారు. డబ్బులేనోడు వాడంతట వాడే బయట ఉండిపోయాడు. కులం పేరెత్తకుండా కులం పని చేయించడం మనవాళ్లకు ఒకరు నేర్పాలా?

ఇంతవరకు చదివి కొందరు మిత్రులు సంబరపడొచ్చు, పాత ప్రభుత్వాన్ని వెనకేసుకొస్తున్నాడని. లేదు. ఇప్పుడు అటువైపు చూద్దాం.

పేదలకు రాజధానిలో చోటివ్వాలన్నది ఆ ప్రభుత్వం కొత్తగా కనిపెట్టిన ధర్మం కాదు. 2014 సీఆర్డీఏ చట్టంలోనే ఉంది. 53వ సెక్షన్ చదవండి. పథకం కింద వచ్చిన భూమిలో అయిదు శాతం పేదల ఇళ్లకు కేటాయించాలి. 33 వేల ఎకరాలకు అది 1,650 ఎకరాలు. చట్టం చేసిన ప్రభుత్వం అయిదేళ్లలో ఏం చేసింది? అయిదు వేల చిల్లర టిడ్కో ఇళ్లు మొదలెట్టింది. తర్వాతొచ్చిన ప్రభుత్వం ఆ కట్టిన ఇళ్లను కూడా నాలుగేళ్లు తాళాలేసి ఉంచి, ఈ పట్టాల సభ రోజునే పంచింది. రాజధానే వద్దన్నవాళ్లకు రాజధానిలో పేదల మీద అంత ప్రేమ ఎక్కడినుంచి పుట్టింది? ఎన్నికలు ఏడాదిలో ఉన్నాయి. రైతుల శిబిరం ఎదురుగా ఉంది. మధ్యలో డాలు కావాలి. మా అక్కని డాలు చేశారు.

ఇచ్చింది మాత్రం ఎంత? పల్లెటూళ్లలో సెంటున్నర ఇచ్చినోళ్లు ఇక్కడ ఒక్క సెంటే ఇచ్చారు. అందులో 340 అడుగుల ఇల్లు, ఇంటికి లక్షా ఎనభై వేలు. గేదె కట్టేసుకునే జాగా కాదు గదా, కోడిగంప పెట్టే జాగా మిగలదు. మన పల్లెలో తాతలనాడు వచ్చిన స్థలం కంటే చిన్నది. రేపు పిల్లలకు పెళ్లిళ్లయితే మళ్లీ ఒక గడపలో నాలుగు పొయ్యిలే. పల్లె ఇరుకు విడిపిస్తామని ఇంకో ఇరుకు రాసిచ్చారు. 2021 అక్టోబరులో హైకోర్టు జడ్జి ఒకరు ఒక సెంటు చాలదన్నారు. ఆ తీర్పు నిలవలేదు గానీ ఆ మాట తప్పని నేననను.

నేను లేఅవుట్ చూడ్డానికి పోయాను. హద్దురాళ్లున్నాయి, నంబర్లున్నాయి. చుట్టూ కంప. మంగళగిరిలో ఇళ్లల్లో పాచిపని చేసుకునే మనిషి ఇక్కడినుంచి తెల్లారుజామున ఎట్లా పోవాలి? విజయవాడ మార్కెట్టులో మూటలు మోసే ఆయన? ఆటోకే కూలి సగం పోద్ది. బడెక్కడ, ఆసుపత్రెక్కడ, రేషన్ షాపెక్కడ? పొలాల మధ్య 25 లేఅవుట్లు, వాటిల్లో అందరూ పేదలే. దాన్ని మన తాతలు ఏమని పిలిచేవాళ్లు? పల్లె అనేవాళ్లు. ఊరికి ఆవల ఉండేది.

నాకు అర్థమైంది ఇదీ. ప్రభుత్వం, రైతుసంఘాలు కోర్టుల్లో కొట్టుకున్నాయి. టీవీల్లో తిట్టుకున్నాయి. కానీ ఒక్క విషయంలో రెండు పక్షాలకూ తేడా రాలేదు. పేదోళ్లు విడిగా ఉండాలి. ఒకరు ఆర్-5 అని గీత గీసి అందులో ఉంచుతామన్నారు. ఇంకొకరు ఆ గీత ఇంకా దూరం జరపమన్నారు. ఆర్-2లోనో, ఆర్-3లోనో, ఆఫీసర్ల ఇళ్ల పక్కనో, యూనివర్సిటీ గోడ పక్కనో పదింటికి ఒక ఇల్లు పేదోడిదుండాలని ఇద్దరిలో ఒక్కరూ అనలేదు. అయిదు శాతం అంటే ఒక మూలన అయిదు శాతమా, ప్రతి పేటలో అయిదు శాతమా? అడగాల్సింది అది. మనం కూడా అడగలేదు, ఒప్పుకోవాలి.

మనం అడగలేకపోయామంటే మనల్ని రెండుగా చీల్చారు కాబట్టి. ఒక శిబిరంలో దళిత జేఏసీ పేరుతో మనవాళ్లు, ఎదురు శిబిరంలో మూడు రాజధానులకు జై కొడుతూ మనవాళ్లు. 2020 అక్టోబరులో కృష్ణాయపాలెం రైతుల మీద ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద కేసు పెట్టి, చేతులకు బేడీలేసి గుంటూరు జైలుకు తీసుకుపోయారు. ఆ బేడీలు పడ్డవాళ్లలో దళితులున్నారు. కారంచేడు, చుండూరు నెత్తుటి మీద నిలబెట్టుకున్న చట్టాన్ని మన చేతులకే సంకెళ్లు వేయడానికి వాడారు. ఆ రోజు రెండు శిబిరాల్లోనూ మనవాళ్లు లేచి ఒక్క గొంతుతో అరవాల్సింది.

పాత లెక్క ఇంకొకటుంది. అసైన్డ్ భూమి. సమీకరణలో మెట్ట పట్టా భూమి ఇచ్చినాయనకు ఎకరాకు వెయ్యి గజాల ఇంటిస్థలం అన్నారు. అదే గట్టు పక్కన అదే మట్టి అసైన్డ్ అయితే 800 గజాలన్నారు. దుకాణాల జాగాలోనూ కోతే. అది ఎవరి భూమి? మనది. ప్రభుత్వం ఊరికే లాక్కుంటుందన్న పుకారు లేపితే భయపడి కారుచౌకగా సంతకాలు పెట్టినవాళ్లూ మనవాళ్లే. 1977 చట్టం ప్రకారం ఆ అమ్మకాలే చెల్లవు. అప్పుడు తూకం చెడిందని ఊరెందుకు అనలేదు? కూలీల సంగతి సరేసరి. జరీబు భూముల్లో పూలు, కూరగాయలు, అరటి, ఏడాది పొడుగునా పని దొరికేది. భూములు పోయాక రైతుకు కౌలు ఏడాదికి ఎకరాకు మెట్టయితే 30 వేలు, జరీబయితే 50 వేలు, ఏటా పెంపు. కూలి కుటుంబానికి నెలకు 2,500 పింఛను. పెంపు మాట ఏళ్లకేళ్లు లేదు.

మనలో కొందరు పెద్దలు అంటారు: "విడిగా ఉంటేనే మేలు మాస్టారూ. ఊళ్లోవాళ్ల పక్కన ఉండి వాళ్ల చూపులు భరించే కంటే మన కాలనీ మనకుంటే గౌరవం. బాబాసాహెబే ప్రత్యేక గ్రామాలు అడిగాడు గదా." అడిగాడు. 1942లో నాగపూర్ మహాసభలో షెడ్యూల్డు కులాలకు విడిగా ఊళ్లు కావాలని తీర్మానం చేశారు. అయితే ఎట్లా అడిగాడో చూడండి. సాగుకు భూమితో సహా అడిగాడు. ఎవరి పొలంగట్టు మీదా ఆధారపడకుండా బతికే ఊరు అడిగాడు. ఇళ్ల పట్టా చేతిలో పెట్టి, కూలికి మళ్లీ అదే ఆసామి దగ్గరికి పంపే కాలనీ అడగలేదు. కారంచేడు నుంచి చీరాల పోయి విజయనగర్ కాలనీ నిలబెట్టుకున్నవాళ్లు కూడా పట్నం పక్కన, పని దొరికేచోట నిలబెట్టుకున్నారు. కంపల మధ్య కాదు.

ఇప్పుడున్న ప్రభుత్వం పల్లెల్లో మూడు సెంట్లు, పట్నాల్లో రెండు సెంట్లు అంటోంది. మంచిదే. ఎక్కడ అన్నదే నా ప్రశ్న. "మీ ఊరి దగ్గరే ఇస్తాం" అన్న మాటలో తీపి ఉంది, మెలికా ఉంది. ఎవరి ఊళ్లో వాళ్లుండండి అంటే ఎవరి పల్లెలో వాళ్లుండండి అనే గదా. రాజధాని అనేది ఆస్తులున్నోళ్ల ఊరైపోయి, మనం పొద్దున బస్సులో పోయి దాన్ని ఊడ్చి సాయంత్రం బస్సులో తిరిగొచ్చేది అయితే, రెండు సెంట్లయినా పది సెంట్లయినా తేడా ఏముంది?

కాబట్టి మన సంఘం తరఫున మనం పెట్టాల్సిన కోరికలు నాకు తోచినంతలో ఇవి. ముందు, రాజధాని పల్లెల్లో ఒక గడపలో రెండు కుటుంబాలకు మించి ఉన్నచోట ఆ ఊరి హద్దులోనే స్థలం ఇవ్వాలి. చట్టంలోని అయిదు శాతం ఎక్కడుందో సర్వే నంబర్లతో బోర్డు పెట్టాలి, అది ఒక్కచోట కుప్ప పోయకుండా అన్ని నివాస జోన్లలో కలిపి ఇవ్వాలి. 2023లో పట్టా తీసుకున్న ఆడమనిషి పేరు జాబితాలోంచి పోకూడదు. స్థలం మారినా హక్కు మారకూడదు. అసైన్డ్ రైతుకు పట్టా రైతుతో సమానంగా గజాలు రావాలి. రైతుసంఘాల మిత్రులు మాట తప్పొద్దని ప్రభుత్వాన్ని అడుగుతున్నారు గదా, ఆ అయిదు శాతమూ ఇచ్చిన మాటల్లో ఒకటే. దానికోసం కూడా మా పక్కన నిలబడతారా అని వాళ్లను ముఖం మీదే అడుగుదాం. నిలబడితే సంతోషం. నిలబడకపోతే కింది పొర సంగతి వాళ్లే చెప్పినట్టవుద్ది.

అక్కకు మర్నాడు చెప్పాను, కాయితం పారెయ్యొద్దు, రెండు జిరాక్సులు తీయించమని. "మా బజార్లో ఇంకో పదకొండు మందికున్నాయి, వాళ్లవీ తేనా?" అంది. తెమ్మన్నాను. మీ ఊళ్లలో కూడా పట్టాలున్నవాళ్ల జిరాక్సులు పోగుచేయండి. దాంతోపాటు ఒక నోటుబుక్కు తీసుకుని పల్లెలో గడపగడపకూ పోయి, స్థలం ఎన్ని గజాలు, పొయ్యిలెన్ని, మనుషులెంతమంది అని మూడు గీతలు గీసి రాయండి. తొమ్మిదో క్లాసు పిల్లలకు చెప్తే ఒక ఆదివారంలో అయిపోద్ది. వచ్చే సంచిక నాటికి అవన్నీ మండల కేంద్రానికి చేర్చండి.